ఎగ్జిబిషన్ స్టాలులో మనం అమ్మవలసినది ఏమిటి?

సంఘ వార్షికోత్సవ సందర్భమున మహిళా విభాగం సభలో ఒక సోదరి చేసిన ప్రసంగ పాఠం



నన్ను మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు భయపడ్డాను. నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాను. పన్నెండేళ్ళుగా ఇంటింటికీ తిరిగి వంటింటి డబ్బాలు, సీసాలు అమ్ముకుంటున్నదాన్ని. "అదే చెప్పమ్మా. వచ్చే సంక్రాంతి ఎగ్జిబిషన్‌లో మన మహిళా విభాగం తరఫున ఒక స్టాలు తీసుకోవాలనుకుంటున్నాము. నలుగురైదుగురు ఆడపిల్లలు ఈ డైరెక్టు సెల్లింగు పనిలోకి దిగుతామంటున్నారు. స్టాలులో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో నీకు తెలిసినంత చెప్పు" అన్నారు. చెయ్యవలసిన సంగతి అటుంచండి, చెయ్యకూడనివి చెప్పడానికి మాత్రం నాకు అర్హత ఉన్నది. ఎందుకంటే అవన్నీ నేను చేసి చూశాను.

ముందుగా ఈ వ్యాపారం సంగతి నాలుగు మాటలు మనవి చేస్తాను. డైరెక్టు సెల్లింగు అంటే సరుకు దుకాణం ద్వారా కాకుండా మనిషి ద్వారా ఇంటికి చేరడం. ఇది మనకు కొత్త కాదు. గాజుల మలారం ఎత్తుకొని వచ్చిన గాజులామె, చీరల మూట భుజాన వేసుకొని వాయిదాల మీద ఇచ్చిన వ్యాపారి, పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చిన ఆమె, వీళ్ళందరూ మన అరుగుల మీద కూర్చొని అమ్మినవారే. కొత్తగా వచ్చినదల్లా ఇంటి పార్టీ పద్ధతి. ఒక ఇంటావిడ తన ఇరుగుపొరుగువారిని, చుట్టాలను ఆరేడుగురిని పిలుస్తుంది. అమ్మే ఆమె వెళ్ళి సరుకు విప్పి చూపిస్తుంది. కావలసినవాళ్ళు ఆర్డరు రాయిస్తారు. పిలిచిన ఆవిడకు ఒక కానుక ముడుతుంది. ఆవిడను కంపెనీవాళ్ళు హోస్టెస్ అంటారు. మనం మేజ్‌బాన్ అందాం. 'పార్టీ' అనే మాట వింటే మన ఇళ్ళల్లో మగవాళ్ళు కనుబొమలు ఎగరేస్తారు గనుక, మా వీధిలో దీనికి 'డబ్బాల దావత్' అని పేరు పెట్టుకున్నాము.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో తెలుసుకుంటే స్టాలులో ఏం చెయ్యాలో సగం తెలుస్తుంది. అమెరికాలో ఎర్ల్ టప్పర్ అనే ఆయన 1940 దశకంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసి దుకాణాలలో పెట్టాడు. మంచి సరుకే, కాని అనుకున్నంతగా కదలలేదు. కారణమేమిటంటే, మూత నొక్కి, లోపలి గాలి కొంచెం బయటకు పంపి బిగిస్తేనే ఆ డబ్బా గొప్పతనం తెలిసేది. అల్మారాలో కూర్చున్న డబ్బా ఆ సంగతి తనంతట తాను చెప్పుకోలేదు గదా! బ్రౌనీ వైజ్ అనే ఆమె, భర్తతో విడిపోయి ఒక్క కొడుకును పెంచుకుంటున్న స్త్రీ, ఆ డబ్బాలను ఇళ్ళల్లో నలుగురు ఆడవాళ్ళ మధ్య చూపించి అమ్మింది. డబ్బాలో పళ్ళరసం పోసి, మూత బిగించి, గదిలో విసిరేసి, ఒక్క చుక్క కారలేదని చూపించేదట. 1951లో టప్పర్ ఆమెను వైస్ ప్రెసిడెంటుగా పెట్టుకొని, దుకాణాలలో అమ్మకం మానేసి, అంతా ఇంటి పార్టీల మీదనే నడిపాడు. 1954లో 'బిజినెస్ వీక్' పత్రిక ముఖచిత్రం మీదికెక్కిన మొదటి స్త్రీ ఆమెయే. కాని 1958లో ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. అదే ఏడాది టప్పర్ కంపెనీని అమ్ముకున్నాడు. ఆమెకు అందులో వాటా అనేది లేదు. ఆ డబ్బాలు మన దేశానికి 1996లో వచ్చాయి. అంత పేరున్న ఆ అమెరికా కంపెనీ 2024 సెప్టెంబరులో దివాలా రక్షణ కోసం అక్కడి కోర్టుకు వెళ్ళింది.

ఈ కథలో మనకు రెండు పాఠాలున్నవి. సరుకును చేతికిచ్చి చూపిస్తే గాని ఎవరూ నమ్మరు, ఇది మొదటిది. కంపెనీ ఎంత పెద్దదైనా మనది కాదు, మనదంటూ మిగిలేది మన పేరు ఒక్కటే, ఇది రెండవది. ఈ రెండో పాఠం నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇక ఎగ్జిబిషన్ సంగతి. హైదరాబాదు నుమాయిష్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలుపెట్టిన ఆ ప్రదర్శన, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. దాని మీద వచ్చిన ఆదాయంతో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వంటి విద్యాసంస్థలు నడుస్తున్నవి. మన ఊరి ఎగ్జిబిషన్ అంత పెద్దది కాదు గాని మనిషి తీరు ఒకటే. వచ్చినావిడ ఒక చేతిలో సంచీ ఉంటుంది, ఇంకో చేతిలో పిల్లవాడు ఉంటాడు. వాడు రంగులరాట్నం వైపు లాగుతుంటాడు. భర్త నాలుగడుగులు ముందుకు వెళ్ళి గడియారం చూసుకుంటుంటాడు. మన స్టాలు ముందు ఆమె నిలబడేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలలో మనం ఆమెను ఏమి అడుగుతాము? దీని మీదనే అంతా ఉన్నది.

నా మొదటి స్టాలులో నేనేం చేశానో చెబుతాను. ఉన్న సరుకంతా బల్ల మీద గుట్టగా పేర్చాను. నేను బల్ల వెనుక కుర్చీలో కూర్చున్నాను. "ఏం కావాలమ్మా?" అని అడిగాను. "ఊరికే చూస్తున్నాం" అని వెళ్ళిపోయారు. రెండో రోజు, నా పైన ఉన్న ఆవిడ సలహా మీద, ఒక గాజు సీసా పెట్టి "పేరు, ఫోను నంబరు రాసి వెయ్యండి, లక్కీ డ్రాలో కుక్కరు గెలవండి" అని బోర్డు పెట్టాను. సీసా నిండిపోయింది. మహా సంబరపడ్డాను. ఎగ్జిబిషన్ అయిపోయాక వరుసగా ఫోన్లు చేస్తే అందరూ అడిగింది ఒకటే, "కుక్కరు నాకు వచ్చిందా?" అని. వాళ్ళకు కావలసింది కుక్కరు, నా డబ్బాలూ కాదు, దావతూ కాదు. అందులో కాలేజీ కుర్రాళ్ళు ఆటకు వేసిన చీటీలు కూడా ఉన్నవి. ఆ చీటీలన్నిటిలో నాకు దక్కిన ఇళ్ళు రెండు.

ఇది డబ్బు నష్టం, పోతే పోయింది. అసలు తప్పు రెండో బోర్డు. "ఇంట్లో కూర్చొని నెలకు ముప్పై వేలు సంపాదించండి, ఈ రోజే చేరండి" అని పెద్ద అక్షరాలతో రాయించాను. నేను ఏ నెలలోనూ అంత సంపాదించలేదు. పైవాళ్ళు రాయించమన్నారు, రాయించాను.

ఆ బోర్డు చదివి మా ఖాలా కూతురు వచ్చింది. నాకంటె ఆరేళ్ళు చిన్నది. భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లలు. "ఆపా, ఇది నిజంగానేనా?" అని అడిగింది. వేరే ఎవరైనా అయితే ఇంకో నలుగురిని అడిగి కనుక్కునేది. నేను ఆపాను గనుక నన్నొక్కదాన్నే అడిగింది. నేను "నిజమే, నువ్వూ చేరు" అన్నాను. ఆమె తన రెండు గాజులు కుదువ పెట్టి, మొదటి విడత సరుకంటూ పెద్ద పెట్టె తెచ్చుకుంది. అంత సరుకు అవసరం లేదని నాకు తెలుసు. కాని ఆమె కొంటే నాకు కొంత వస్తుంది. అందుకని నోరు మెదపలేదు. ఆమె ఒక్క దావత్ చేసింది. మొహమాటస్థురాలు, ధర చెప్పడానికే సిగ్గుపడేది. మిగతా పెట్టె మంచం కింద ఉండిపోయింది. ఆరు నెలల తరువాత ఖాలా మా ఇంటికి వచ్చి టీ కూడా ముట్టుకోకుండా, "దానికి తెలియదు సరే, నీకు తెలియదా బిడ్డా?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు. చెయ్యగలిగింది చేశాను. ఆ పెట్టె నేను తెచ్చుకొని, నా దావత్‌లలో ఒక్కొక్కటే అమ్మి, వచ్చిన డబ్బు ఆమెకిచ్చాను. గాజులు విడిపించుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆమె మా గడప తొక్కలేదు.

సోదరీమణులారా, దుకాణదారుకు గిరాకీ పోతే ఇంకో గిరాకీ వస్తుంది. మనం అమ్మేది చుట్టాలకు, పక్కింటివాళ్ళకు, మన పిల్లలతో చదివే పిల్లల తల్లులకు. మన పెట్టుబడి వాళ్ళ నమ్మకం. అది ఖర్చయిపోతే మళ్ళీ తెచ్చుకోవడానికి ఏ కంపెనీ గోడౌనులోనూ దొరకదు.

అందువల్ల తరువాతి ఏడాది నుంచి స్టాలు పద్ధతే మార్చేశాను. అదే మీకు మనవి చేస్తాను.

మొదటిది, స్టాలులో అమ్మవలసినది సరుకు కాదు, ఒక తారీఖు. ఆమె ఇంట్లో ఒక గంట మనం కూర్చోవడానికి ఒప్పుకున్న రోజు. స్టాలులో ఒక డబ్బా అమ్మితే ఒక డబ్బా అమ్మినట్టు. ఒక తారీఖు దొరికితే ఆరేడుగురు మనుషులు, తీరిగ్గా, చెప్పుల్లేకుండా, చాప మీద కూర్చొని మన మాట వింటారు. ఆ ఆరేడుగురిలో ఒకరో ఇద్దరో ఇంకో తారీఖు ఇస్తారు. అక్కడికక్కడే కొంటామన్నవారికి అమ్మండి, వద్దనకండి. కాని అది మన లక్ష్యం కాదు.

రెండవది, బల్లను వెనక్కి జరిపి మనం ముందు నిలబడాలి. సరుకు తక్కువ పెట్టాలి. నేను మూడే పెడతాను. ఒక డబ్బాలో నీళ్ళు పోసి మూత బిగించి తలకిందులుగా పెడతాను. ఇంకోదాంట్లో కందిపప్పు. ఇంకోటి ఖాళీది, వచ్చినావిడ చేతికి ఇవ్వడానికి. "ఏం కావాలి?" అని అడగను. "అమ్మా, మీ ఇంట్లో వానాకాలం పప్పుకు పురుగు పడుతుందా?" అని అడుగుతాను. పడనిల్లు ఎక్కడుంది చెప్పండి! ఆమె తన ఇంటి సంగతి మొదలుపెడుతుంది. అప్పుడు ఖాళీ డబ్బా ఇచ్చి "మూత మీరే పెట్టి చూడండి" అంటాను. తరువాత ఒకే మాట: "ఇవన్నీ ఇక్కడ ఈ గోలలో చూపించలేను. మీ ఇంట్లో మీకు నచ్చిన నలుగురిని పిలవండి, నేనే వచ్చి చూపిస్తాను. ఎవరూ కొనకపోయినా ఫరవాలేదు. పిలిచినందుకు మీకు కానుక ఇది" అని ఆ కానుకను చూపిస్తాను. దాచిపెట్టి ఊరించడం లేదు.

మూడవది, పుస్తకం. చీటీల సీసా తీసేసి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. పేరు, పేట, ఏ వారం ఏ వేళ వీలు, ఎవరిని అడిగి చెప్పాలి, ఇంతే నాలుగు గళ్ళు. నాలుగో గడి చాలా ముఖ్యం. మన ఇళ్ళల్లో అత్తగారిని అడగాలి, లేదా భర్తను అడగాలి. "అడిగి చెప్పండి, నాకు తొందర లేదు" అంటే ఆమెకు ధైర్యం వస్తుంది. చాలామంది తమ నంబరు ఇవ్వడానికి ఇష్టపడరు, ఇవ్వమని పట్టుబట్టకూడదు. మన కార్డు ఇచ్చి, "మీరే ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి" అంటే సరిపోతుంది. భర్త పక్కనే ఉంటే ఆయనకు కూడా సలాం చేసి, ఆడవాళ్ళమే వస్తాము, ఫలానా వేళకు వచ్చి ఫలానా వేళకు వెళ్ళిపోతాము అని చెప్పండి. అసర్ నమాజుకు మగ్రిబ్‌కు మధ్య వేళ మన పేటల్లో బాగా కుదురుతుంది. రంజానులో తారీఖులు అడగవద్దు. పండుగ అయిన వారానికి రాసుకోండి. రాసుకున్న మూడు రోజులలోపు తప్పక పలకరించండి. వారం దాటితే మీరెవరో కూడా ఆమె మరచిపోతుంది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. స్టాలులో ఎవరినీ పనిలో చేర్చుకోవద్దు. ఎవరైనా తానంతట తానే "నేనూ ఈ పని చేస్తాను" అంటే సంతోషం, పేరు రాసుకోండి. కాని "ముందు ఒక దావత్‌కు వచ్చి చూడండి, తరువాత మీ ఇంట్లో ఒకటి పెట్టండి, ఆ తరువాత మాట్లాడుకుందాం" అని చెప్పండి. ముందు అతిథి, పిమ్మట మేజ్‌బాన్, ఆ పిమ్మటే అమ్మకందారు. ఈ మూడు మెట్లు ఎక్కిన పిల్లకు పని ఎలాంటిదో కళ్ళారా తెలుస్తుంది. నా ఖాలా కూతురికి ఈ మెట్లు చూపించి ఉంటే, ధర చెప్పడానికి సిగ్గుపడుతుందని రెండో మెట్టు మీదే ఇద్దరికీ తెలిసిపోయేది. గాజులు చేతికే ఉండేవి.

ఆ బోర్డు స్థానంలో ఇప్పుడు ఒక లెక్క కాగితం అంటిస్తాను. ఉదాహరణకు ఒక దావత్‌లో నాలుగు వేల రూపాయల సరుకు అమ్మామనుకోండి. నూటికి ఇరవై మిగులుతుందనుకుంటే 800. అందులో ఆటోకు 150, మనం చేతి నుంచి ఇచ్చే చిన్న కానుకకు 100, సంచులు, అరిగిపోయే నమూనాలు 50. మిగిలేది 500. నెలకు నాలుగు దావత్‌లైతే 2,000, ఎనిమిదైతే 4,000. మీ కంపెనీ ఇచ్చేది ఎంతో దాని కాగితంలో చూసి మీ లెక్క మీరు వేసుకోండి. ఈ కాగితం చదివి చాలామంది వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి. రెండు వేలు కూడా పిల్లల ఫీజుకు పనికి వస్తుందనుకునే పిల్ల నిలబడుతుంది. అలాంటి పిల్లే మూడేళ్ళ తరువాత కూడా నిలబడి ఉంటుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకొని ఉండాలి. మనుషులను చేర్పించినందుకు డబ్బు చేతులు మారే గొలుసు స్కీములను 1978 చట్టమే నిషేధించింది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం డైరెక్టు సెల్లింగుకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం చేరడానికి ఫీజు వసూలు చెయ్యకూడదు. నమూనా సామాన్లు, పుస్తకాలు కొనితీరాలని కొత్తవాళ్ళను బలవంతపెట్టకూడదు. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా ఎవరి ఇంటికీ వెళ్ళకూడదు. మనం ఎవరమో, ఏ కంపెనీ తరఫున, ఏ పని మీద వచ్చామో మొదటే నిజం చెప్పాలి. ధర, వాపసు పద్ధతి దాచకుండా చెప్పాలి. ఇంకో నలుగురిని తెస్తే మీ డబ్బు మీకు తిరిగి వస్తుందని ఆశ చూపి అమ్మడం కూడా కూడదు. ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్క ప్రశ్న గుర్తుంచుకోండి: ఈ డబ్బు సరుకు అమ్మితే వస్తున్నదా, మనిషిని చేర్పిస్తే వస్తున్నదా? రెండోదైతే చెప్పులు వేసుకొని లేచి రండి.

సంఘం వారికి నాదొక విన్నపం. స్టాలు మీద మన సంఘం పేరు ఉంటుంది. ఆ పేరు చూసే మన వాళ్ళు నమ్ముతారు. కనుక ఏ కంపెనీ సరుకు పెట్టినా దాని కాగితాలు, వాపసు నిబంధనలు ముందుగా తెప్పించి, చదువుకున్న పెద్దలు ఇద్దరు చూసి ఒప్పుకున్నాకనే పెట్టించండి. కొత్తగా చేరే ఏ పిల్ల కూడా నగలు కుదువ పెట్టి, అప్పు చేసి సరుకు తెచ్చుకోకుండా చూడండి. ఆర్డరు రాసుకొని, బయానా తీసుకొని, ఆ తరువాతే సరుకు తెప్పించే పద్ధతి పెట్టండి. మంచం కింద పెట్టెలు ఉండవు.

చివరగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పోయిన ఏడాది నా స్టాలు ముందుకు మా ఖాలా కూతురు వచ్చింది, పిల్లలతో. బోర్డు కోసం చూసింది. దాని స్థానంలో ఉన్న లెక్క కాగితం నిలబడి పై నుంచి కింద దాకా చదివింది. "ఆపా, ఇది అప్పుడే పెట్టి ఉండవచ్చు గదా" అన్నది. నేను తల వంచుకున్నాను. కాసేపు ఆగి, "నేను అమ్మలేను గాని, మా ఇంట్లో కూర్చోబెడతాను. మా వీధిలో ఎనిమిది మంది వస్తారు. వచ్చే జుమా తరువాత ఆదివారం రాసుకో" అన్నది. నా పుస్తకంలో ఆ ఏడాది రాసుకున్న తారీఖులన్నిటిలో ఆ ఒక్క తారీఖు రాసేటప్పుడే నా చెయ్యి వణికింది.